గీత మీది, పండుగ అందరిది

తమ పుస్తకం ఒక్కటి అచ్చయితే తృప్తిపడని బొమ్మల కళాకారులు కొందరుంటారు. పక్కవాడి కామిక్ కూడా నలుగురి చేతుల్లో పడాలని, పిల్లలు బొమ్మ వేసినవాళ్లను ఎదురుగా చూడాలని వాళ్ల తాపత్రయం. హాలు మాట్లాడేది, టేబుళ్లు లెక్కపెట్టేది, పోస్టరు వేసేది, వలంటీర్లను పోగేసేది వాళ్లే. ప్రపంచంలో ఎన్నో కామిక్స్ పండుగలు ఇలాంటివాళ్ల చొరవతో పుట్టాయి. మీరూ ఆ కోవలోని మనిషే అయితే ముందుగా మీకో నమస్కారం. ఆ వెంటనే ఒక హెచ్చరిక.

పండుగ పని చప్పుడు చేస్తుంది, బొమ్మ పని చెయ్యదు. హాలు మేనేజరు ఫోన్ చేస్తాడు. స్పాన్సరు మీటింగ్ అంటాడు. స్టాలు అడిగినవాళ్లు వాట్సాప్‌లో పదిసార్లు పలకరిస్తారు. బల్ల మీద సగం గీసిన పేజీ మాత్రం నోరెత్తదు. అందుకే ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్ పండుగకు పూనుకున్న ఏడాది ముందుగా నష్టపోయేది ఆ పేజీయే. డెడ్‌లైన్ జారుతుంది, క్లయింటు ఇంకొకరిని వెతుక్కుంటాడు, ఇంటి అద్దె మాత్రం ఒకటో తారీఖుకే కట్టాలి.

పరిష్కారం ఒక్క సూత్రంలో ఉంది. మీ గీతను మీ బదులు ఎవరూ గీయలేరు. పండుగ పనుల్లో అధికభాగాన్ని మాత్రం ఇతరులు చేయగలరు, కొన్ని మీకంటే బాగా చేస్తారు. అందుకే గీతకు కాపలా కాయండి, పండుగను పంచిపెట్టండి. ఇక్కడ నుంచి చెప్పేదంతా దీన్ని ఎలా ఆచరించాలన్నదే.

1. రెండు కుర్చీలు వేసుకోండి

ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో 2007లో లీసా వుడ్ అనే ఆమె 'థాట్ బబుల్' అనే కామిక్స్ పండుగ మొదలుపెట్టింది. ఆ పండుగ పెరిగి పెద్దదై 2019లో దగ్గర్లోని హారోగేట్ పట్టణానికి మారింది. ఏటా నవంబరులో జరుగుతుంది. ఈ లీసా వుడ్డే టూలా లోటే అన్న పేరుతో బొమ్మలు గీస్తుంది. 2014లో మొదలైన 'సుప్రీమ్: బ్లూ రోజ్' అనే కామిక్ ఆ పేరుతో వచ్చిందే. బెకీ క్లూనన్‌తో కలిసి చేసిన 'సోమ్నా' 2024లో ఐస్నర్ అవార్డుల్లో ఉత్తమ కొత్త సిరీస్‌గా నిలిచింది. కామిక్స్ లోకంలో ఐస్నర్ కంటే పెద్ద గౌరవాలు అరుదు. పండుగ నడిపిన మనిషే అంత స్థాయి పుస్తకం కూడా ఇచ్చింది. రెండూ కుదరవని ఎవరైనా అంటే ఈ ఉదాహరణ చెప్పండి.

నిర్వాహకురాలికి ఒక పేరు, చిత్రకారిణికి ఇంకో పేరు. మీరు పేరు మార్చుకోనక్కర్లేదు. ఆ విభజనను మాత్రం అందిపుచ్చుకోండి. పండుగకు వేరే ఈమెయిల్, వేరే ఫోన్ నంబరు, వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. వీలైతే కూర్చునే చోటు కూడా వేరుగా ఉంచుకోండి. బొమ్మల బల్ల మీద స్పాన్సర్ల ఫైలు కనిపించకూడదు. క్లయింటు ఫోన్ చేసినప్పుడు ఇలస్ట్రేటరుగా పలకండి, హాలు మేనేజరు ఫోన్ చేసినప్పుడు నిర్వాహకుడిగా పలకండి. ఒక పాత్రలో ఉన్నప్పుడు ఇంకో పాత్ర ఫోను సైలెంట్‌లో ఉండాలి. ఎదుటివాళ్లకు కూడా దీనివల్ల స్పష్టత వస్తుంది. మీ దగ్గర కవరు గీయించుకునే ప్రచురణకర్త, పండుగలో స్టాలు విషయం తేవాలంటే వేరే నంబరుకు చేయాలని తెలుసుకుంటాడు.

2. పూట చూసి కాదు, పని చూసి సమయం ఇవ్వండి

రోజులో మొదటి రెండు మూడు గంటలు బొమ్మకు ఇవ్వండి. ఫోన్ తెరవకముందే గీయండి. ఇది చాలామంది చెప్పే సలహాయే. ఇలస్ట్రేటర్లకు ఇంకో అడుగు ముందుకు వెళ్లే వీలుంది.

బొమ్మలో అన్ని దశలకూ ఒకే ఏకాగ్రత అవసరం లేదు. కథ చదివి పేజీని ప్యానెళ్లుగా విడగొట్టడానికి, రఫ్ వేయడానికి, పాత్ర ముఖంలో భావం పట్టడానికి మనసంతా అక్కడే ఉండాలి. మధ్యలో ఫోన్ మోగితే తెగిన ఆలోచన మళ్లీ అతకదు. ఇంకింగ్‌కు చేయి స్థిరంగా ఉండాలి, మనసు మాత్రం కాస్త తేలిగ్గా ఉన్నా చాలు. బేస్ రంగులు నింపడం, స్కాన్ చేసి శుభ్రం చేయడం, ప్రింటుకు ఫైళ్లు సిద్ధం చేయడం లాంటివి నాలుగు ఫోన్‌కాల్స్ మధ్య కూడా సాగుతాయి.

కాబట్టి వారం మొదట్లోనే పనిని ఇలా విడగొట్టండి. హాలు చూడటానికి, పర్మిషన్ల కోసం తిరగాల్సిన రోజు రఫ్‌లు పెట్టుకోకండి, రంగులు పెట్టుకోండి. పండుగ పని లేని రెండు రోజులను లేఅవుట్లకు వదిలేయండి. పండుగ వారాల్లో రంగుల దశకు చేరిన పనే చేతిలో ఉండేలా నెల ముందు నుంచే జాగ్రత్తపడండి. గంటలు పెరగకపోయినా పని నాణ్యత నిలబడుతుంది.

3. ఏడాదినంతా ఒకే కాగితం మీద పరవండి

పండుగకు ఒక స్వభావం ఉంది. దాని పని ఏడాదంతా సమానంగా ఉండదు. తేదీ, హాలు ఖాయం చేయడం ఒక దశ. దరఖాస్తులు పిలవడం, ఎంపిక చేయడం ఇంకో దశ. ఆ తర్వాత అతిథులు, కార్యక్రమాల పట్టిక, పోస్టరు. చివరి నెలలో ఊపిరాడదు. పండుగ అయ్యాక లెక్కలు, కృతజ్ఞతలు. ఏ దశ ఏ నెలలో వస్తుందో ముందే తెలుసు కాబట్టి అకస్మాత్తుగా మీద పడిందనే మాటకు చోటు లేదు.

బొమ్మల పనికీ ఋతువులున్నాయి. మన దగ్గర దీపావళి ప్రత్యేక సంచికలు, సంక్రాంతి, ఉగాది సంచికలు వస్తాయి. స్కూళ్లు తెరిచే ముందు పాఠ్యపుస్తకాల హడావుడి. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. వాటికి కొత్త పుస్తకం తేవాలనుకునే ప్రచురణకర్తలు అంతకు రెండు మూడు నెలల ముందు బొమ్మలు అడుగుతారు. ఈ రెండు క్యాలెండర్లనూ ఒకే కాగితం మీద, రెండు రంగుల్లో రాయండి. రెండు రంగులూ గట్టిగా కలిసిన నెల కనిపిస్తే ఏదో ఒకటి జరపాలి. పండుగ తేదీ ఇంకా ఖాయం కాకపోతే దాన్నే జరపండి. తేదీ ఎంచుకునే అధికారం నిర్వాహకులుగా మీకున్న అతి పెద్ద సౌకర్యం. హాలు ఎప్పుడు ఖాళీ అని అడిగే ముందు, నా బల్ల ఎప్పుడు ఖాళీ అని చూసుకోండి.

ఇంకో లెక్క కూడా ఆ కాగితం మీదే వేయండి. పండుగ నెలలో మీ సంపాదన తగ్గుతుంది. ఆ నెల ఖర్చును ముందటి నెలల మీద పంచి, ఎన్ని కవర్లు, ఎన్ని పేజీలు అదనంగా గీస్తే అది పూడుతుందో రాసుకోండి. అంకె కనబడితే భయం తగ్గుతుంది, క్రమశిక్షణ పెరుగుతుంది.

4. పెళ్లి పనుల్లా పంచండి

మన ఇళ్లలో పెళ్లి ఎలా జరుగుతుంది? వంటవాళ్ల దగ్గర బాబాయి ఉంటాడు. విడిది ఏర్పాట్లు మేనమామవి. చదివింపులు రాసేది లెక్క తెలిసిన పెద్దమనిషి. బస్సుల బాధ్యత కుర్రాళ్లది. పెళ్లికూతురి తండ్రి గరిటె పట్టుకుని నిలబడితే కన్యాదానం చేసేదెవరు? కామిక్స్ పండుగకూ అదే నీతి.

అమెరికాలోని కొలంబస్ నగరంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 'బోన్' అనే కామిక్‌ను జెఫ్ స్మిత్ 1991 నుంచి 2004 దాకా చాలావరకు సొంతంగా ప్రచురించుకుంటూ 55 సంచికలు పూర్తిచేశాడు. ఆ ప్రచురణ వ్యాపారాన్ని నడిపింది ఆయన భార్య విజయా అయ్యర్. ఆ దంపతులు, అక్కడి విశ్వవిద్యాలయపు కార్టూన్ గ్రంథాలయాన్ని తీర్చిదిద్దిన లూసీ షెల్టన్ కాస్వెల్ తదితరులు కలిసి 2015లో 'కార్టూన్ క్రాస్‌రోడ్స్ కొలంబస్' అనే పండుగను నిలబెట్టారు. రోజువారీ నిర్వహణకు కామిక్స్ పాత్రికేయుడు టామ్ స్పర్జన్‌ను కార్యనిర్వాహక డైరెక్టరుగా తీసుకున్నారు. స్మిత్ కళా దర్శకత్వం చూసుకున్నాడు. ఏ కళాకారులను పిలవాలి, పండుగ ఎలా కనిపించాలి అన్నవి చిత్రకారుడి కన్ను పనికొచ్చే పనులు. వాటిని తన దగ్గర ఉంచుకున్నాడు.

మన బాపు గారిని చూడండి. బొమ్మలు, కార్టూన్లు వేస్తూనే 1967లో 'సాక్షి'తో సినిమా దర్శకుడయ్యారు. సినిమాకన్నా జనసమూహంతో కూడిన పని ఏముంటుంది? పక్కన ముళ్లపూడి వెంకటరమణ గారు ఉన్నారు. రాత ఆయనది, గీత ఈయనది. షాట్లను కూడా ముందే బొమ్మలుగా గీసుకుని, కొత్త పనిలోకి తన చేతిలోని బలాన్నే తీసుకెళ్లారు. కలిసి మోసే స్నేహం, తనకు తెలిసిన బలం, ఈ రెండూ ఉంటే బరువు సగమవుతుంది.

మీరు ఇలా చేయండి. పండుగ పనులన్నీ వరుసగా రాసి ప్రతిదాని పక్కన ఒక్క ప్రశ్న వేయండి: దీనికి బొమ్మలు తెలిసిన మనిషే కావాలా? అవునన్నవి మూడో నాలుగో మిగులుతాయి. కళాకారుల ఎంపిక, పోస్టరు పర్యవేక్షణ, చర్చాగోష్ఠుల అంశాలు. మిగతావి, అంటే లెక్కలు, హాలు, పర్మిషన్లు, కరెంటు, భోజనాలు, వలంటీర్ల డ్యూటీలు, ప్రచారం, ఒక్కో మనిషికి ఒక్కోటి అప్పగించండి. అప్పగించాక వదిలేయండి. టేబుల్ క్లాత్ ఏ రంగు అని మిమ్మల్ని అడిగితే, "మీకు నచ్చింది వేయండి" అనగలగాలి. ప్రతి చిన్న నిర్ణయం మీ దగ్గరకు తిరిగొస్తుంటే మీరు పని పంచనట్టే లెక్క.

టోక్యోలో 1975 డిసెంబరులో 32 బృందాలతో, సుమారు 700 మందితో మొదలైన 'కామికెట్' అనే కామిక్స్ పండుగ ఈ విషయంలో గొప్ప పాఠం. 2019 నాటికి నాలుగు రోజుల్లో ఏడు లక్షలు దాటిన జనం వచ్చే స్థాయికి చేరింది. దాన్ని నడిపేది వలంటీర్లే. అక్కడ పుస్తకం అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, వరస సర్దేవాళ్లు అందరినీ 'పాల్గొనేవాళ్లు' అనే పిలుస్తారు, ఎవరినీ కస్టమర్ అనరు. ఈ భావన మీ పండుగలోకి తెస్తే టేబుల్ తీసుకున్న కళాకారులు సాయంత్రం కుర్చీలు మడతపెట్టడానికి తామే వస్తారు.

5. డబ్బు దగ్గర మొహమాటం వద్దు

కవరు డిజైన్‌కు వచ్చిన అడ్వాన్సును హాలు అడ్వాన్సుగా కట్టడం ఈ రంగంలో సులభంగా జరిగిపోయే పొరపాటు. తర్వాత సర్దుకుందామనుకుంటాం. రెండు నెలలకు ఏ రూపాయి ఇంటిదో, ఏది పండుగదో తెలియదు. మొదటి రోజు నుంచే గోడ కట్టండి.

పండుగ ఏటా జరగాలనుకుంటే సొసైటీగా రిజిస్టర్ చేయించండి. మన రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. ఏడుగురు అనడంలోనే మేలుంది. బాధ్యత ఏడు భుజాల మీదికి వెళ్తుంది. ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టండి. పండుగ అయ్యాక జమాఖర్చులు అందరికీ చూపండి.

ఖర్చు తగ్గించే దారులు వెతకండి. కెనడాలో 2003లో మొదలైన 'టొరంటో కామిక్ ఆర్ట్స్ ఫెస్టివల్' 2009 నుంచి చాలా ఏళ్లు నగర రిఫరెన్స్ గ్రంథాలయంలో జరిగి పేరు తెచ్చుకుంది. అక్కడ ప్రవేశం ఉచితంగా ఉండేది. పుస్తకానికి గ్రంథాలయం కంటే తగిన ఇల్లేది? మన ఊళ్లలోనూ గ్రంథాలయాలు, కాలేజీ సెమినార్ హాళ్లు, ఆర్ట్ గ్యాలరీలు ఉన్నాయి. ఏసీ ఫంక్షన్ హాలే కావాలన్న పట్టుదల వద్దు.

ఖర్చు తగ్గించకూడని చోటు ఒకటుంది. పోస్టరు గీసినవాళ్లకు డబ్బివ్వండి. పేరు వస్తుంది కదా అని ఉచితంగా గీయించుకోవడం కళాకారుల పండుగకు తగదు. హక్కులు కూడా కాగితం మీద పెట్టండి. మన కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడి వరకో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది. ఈ నియమం క్లయింట్ల దగ్గర మీకూ రక్ష. ప్రతి పనికీ కాలం, పరిధి, కరెక్షన్లు ఎన్నిసార్లు, చెల్లింపు ఎప్పుడు అనే నాలుగూ రాయించుకోండి.

మీకూ గౌరవ వేతనం పెట్టుకోండి. మొదటి ఏడాది వీలు కాకపోతే కనీసం బడ్జెట్‌లో ఒక గడి తెరిచి సున్నా రాయండి. ఆ సున్నా కనిపిస్తుంటే దాన్ని నింపాలన్న ఆలోచన సభ్యులందరికీ వస్తుంది. సేవ గొప్పదే. సేవ చేసే మనిషి నిలబడి ఉన్నంతకాలమే అది సాగుతుంది.

6. ఎంపికలో కన్ను తెరిచి ఉంచండి

ఇలస్ట్రేటరే నిర్వాహకుడైతే ఒక చిక్కు తప్పదు. దరఖాస్తు పెట్టేవాళ్లలో మీ స్నేహితులుంటారు, పోటీదారులుంటారు, మీకు పని ఇచ్చే ప్రచురణకర్తలూ ఉంటారు. అందుకే ఎంపికకు ముగ్గురితో కమిటీ వేయండి, ఏటా ఒకరినైనా మార్చండి. నియమాలు ముందే ప్రకటించండి. మీకు పని ఇచ్చేవాళ్ల దరఖాస్తు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోండి.

ఫ్రాన్స్‌లోని అంగులేమ్ కామిక్స్ పండుగ 1974లో మొదలైంది. యూరప్‌లో దానికి ఎంతో పేరు. 2016లో జీవిత సాఫల్య పురస్కారానికి 30 మంది పేర్లు ప్రకటించింది. అందులో ఒక్క స్త్రీ పేరూ లేదు. జాబితాలో ఉన్న పేరున్న కళాకారులే మా పేర్లు తీసేయండన్నారు. చివరికి పండుగ ఆ జాబితానే ఎత్తేసి, ఎవరికైనా ఓటు వేసుకోండని కళాకారులకే వదిలింది. అంత పెద్ద పండుగకే అంత ఇబ్బంది వస్తే, కొత్తగా మొదలయ్యే పండుగ ఎంత జాగ్రత్తగా ఉండాలి? జాబితా ప్రకటించే ముందు ఎవరు లేరో చూడండి. అమ్మాయిలున్నారా? జిల్లాల నుంచి వచ్చేవాళ్లున్నారా? తెలుగులో గీసేవాళ్లున్నారా? ఈ మూడు ప్రశ్నలు కమిటీ బల్ల మీద రాసి పెట్టండి.

7. "ఇప్పుడు కుదరదు" అని చక్కగా చెప్పండి

తిరస్కరించలేని మొహమాటం ఫ్రీలాన్సర్‌కు శత్రువు. పండుగ పెట్టుకున్న ఫ్రీలాన్సర్‌కు అది రెట్టింపు శత్రువు. మాటలు ముందే సిద్ధం చేసుకోండి.

క్లయింటుతో: "మీ పుస్తకం చేయాలని నాకూ ఉందండీ. పండుగ అయ్యాక, 20వ తేదీ నుంచి మొదలుపెడతాను. నెలాఖరుకి రఫ్‌లు మీ చేతిలో ఉంటాయి. అప్పటిదాకా ఆగగలరా?" తేదీ చెప్పి అడిగితే చాలామంది ఆగుతారు. ఆగలేనివాళ్లకు తోటి ఇలస్ట్రేటర్ పేరు చెప్పండి. పండుగ వల్ల మీకు అలాంటివాళ్లు ఎందరో తెలుసు.

పండుగ మిత్రులతో: "పొద్దున పదకొండు దాకా నేను దొరకను. అత్యవసరమైతే మన లెక్కలు చూసే అన్నకు చేయండి." ఈ మాట మొదటి సమావేశంలోనే చెబితే ఎవరూ నొచ్చుకోరు. మధ్యలో ఒక్కసారిగా ఫోన్ ఎత్తడం మానేస్తే నొచ్చుకుంటారు.

పని మధ్యలో ఆలస్యం తప్పదనిపిస్తే క్లయింటు అడగకముందే చెప్పండి. డెడ్‌లైన్‌కు వారం ముందు చెప్పిన ఆలస్యాన్ని సర్దుబాటు అంటారు, డెడ్‌లైన్ దాటాక చెప్పినదాన్ని సాకు అంటారు.

8. చేతిని, నిద్రను కాపాడుకోండి

మీ కుడిచేయి మీ పెట్టుబడి. పండుగ రోజున అట్టపెట్టెలు మోసి మణికట్టు పట్టేస్తే తర్వాతి వారం పని ఆగిపోతుంది. బరువులకు మనుషుల్ని పెట్టండి. చివరి వారంలో నిద్ర తగ్గించి గెలుద్దామనుకోకండి. నిద్ర లేని కన్ను రంగులో తేడా పట్టదు, నిద్ర లేని నోరు వలంటీరును కసురుతుంది. పండుగ తర్వాత వారం రోజులు ఏ డెడ్‌లైనూ పెట్టుకోవద్దు. ఆ వారాన్నీ సెలవుగా క్యాలెండర్‌లో ముందే రాయండి.

9. చిన్నగా మొదలుపెట్టండి, ఇక్కడే మొదలుపెట్టండి

ఇంత శ్రమ ఎందుకు అంటే, పండుగ మీ గీతకు కూడా తిండి పెడుతుంది. ఒంటరిగా గదిలో గీసేవాళ్లకు పాఠకుడి ముఖం కనబడే చోటు అదే. ఏ పేజీ దగ్గర పిల్లవాడు ఆగాడో, ఏ కవరు చూసి తల్లి పుస్తకం తీసిందో కళ్లారా చూస్తారు. పక్క టేబుల్ వాళ్లు ప్రింటుకు ఎంత ధర పెట్టారో, ఏ కాగితం వాడారో తెలుస్తుంది. నలుగురిలో మాట్లాడటం, బడ్జెట్ వేయడం, మనుషుల్ని కలుపుకుపోవడం అలవడతాయి. ఇవి మీ ఫ్రీలాన్స్ వృత్తికీ అక్కరకొచ్చే విద్యలే.

తెలుగువాళ్లకు బొమ్మల కథ కొత్త కాదు. 1947లో మొదలైన 'చందమామ' బొమ్మలు చూస్తూ ఎన్ని తరాలు చదవడం నేర్చుకున్నాయో మీకు తెలుసు. తొలి తెలుగు కార్టూనిస్టు తలిశెట్టి రామారావు పుట్టినరోజు మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 2011లో ఢిల్లీ హాట్‌లో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాద్‌కూ వచ్చింది. అక్కడి సందడి సంతోషమే. దానితోపాటు తెలుగులో రాసి, గీసి, సొంతంగా అచ్చువేసుకునే కుర్రాళ్లకు తమదైన చిన్న వేదిక ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉండాలి. కామికెట్ 32 బృందాలతో మొదలైంది. మీరు పది టేబుళ్లతో, ఒక గ్రంథాలయంలో, ఒక ఆదివారంతో మొదలుపెట్టండి. పది టేబుళ్ల పండుగ మీ వృత్తిని మింగదు. అది బాగా జరిగితే రెండో ఏడాది పదిహేను చేయవచ్చు.

చివరగా ఒక పరీక్ష చెబుతాను. సమతూకం కుదిరిందా లేదా అన్నది పండుగ రోజునే తేలిపోతుంది. రెండు ప్రశ్నలు వేసుకోండి. నేను ఒక పూట జ్వరంతో పడుకున్నా ఈ పండుగ సాగుతుందా? ఈ ఏడాది నేను గీసిన కొత్త పుస్తకం ఇక్కడ ఒక టేబుల్ మీద ఉందా? మొదటిదానికి అవునంటే పండుగను బాగా పంచారు. రెండోదానికి అవునంటే గీతను బాగా కాచుకున్నారు. రెంటికీ అవుననగలిగే నిర్వాహకుడిని చూసి పక్కనున్న కుర్రవాడు తానూ కళను నమ్ముకుని బతకవచ్చని ధైర్యం తెచ్చుకుంటాడు. పండుగ ఇవ్వగలిగిన అతి పెద్ద కానుక ఆ ధైర్యమే. వచ్చే ఏడాది క్యాలెండర్ ఈరోజే తెచ్చుకోండి. ముందు మీ పుస్తకం పూర్తయ్యే తేదీ రాయండి, ఆ తర్వాతే పండుగ తేదీ రాయండి.